మొదటి ఫెల్ రేసుకు దిగేముందు

ఉత్తర ఇంగ్లండులో ఫెల్ అంటే కొండ. ఫెల్ రేసుల్లో చాలావాటికి గుర్తులు కట్టిన దారి ఉండదు. వరుసగా చెక్‌పాయింట్లు ఇస్తారు, వాటి మధ్య గడ్డిలో పోతారో రాళ్ళలో పోతారో మీ ఇష్టం. మాంచెస్టర్, లీడ్స్‌లలో ఉంటూ రోడ్డు రేసులు పరుగెత్తే తెలుగువాళ్ళకు ఈ ఫెల్స్ ఉన్న లేక్ డిస్ట్రిక్ట్ రెండు గంటల దూరం. అయితే రోడ్డు మీద హాఫ్ మారథాన్ టైం ఎంత బాగున్నా ఇక్కడ పెద్దగా పనికిరాదు. ఎక్కుడులో ఊపిరి ఆడక ఆగిపోయేవాళ్ళు తక్కువ. దిగుడులో తొడలు పట్టేసి, పొగమంచులో దారి తప్పి, చలికి వణికి ఆగిపోయేవాళ్ళే ఎక్కువ. సాధన కూడా ఆ లెక్కలోనే చేయాలి.

ఏ రేసు?

ఫెల్ రన్నర్స్ అసోసియేషన్ ప్రతి రేసుకూ రెండక్షరాల గుర్తు ఇస్తుంది. మొదటి అక్షరం నిటారుతనానిది. కిలోమీటరుకు సగటున 50 మీటర్లు, ఆపైన ఎక్కుడు ఉంటే ఏ, 25 ఉంటే బీ, 20 ఉంటే సీ. రెండో అక్షరం దూరానిది. 20 కిలోమీటర్లు దాటితే ఎల్, 10 నుంచి 20 లోపు ఎమ్, 10 లోపు ఎస్. ‘ఏఎస్’ అన్నది చూసి చిన్న రేసే కదా అనుకోవద్దు. ఐదారు కిలోమీటర్ల ఏఎస్ ఒకోసారి 15 కిలోమీటర్ల సీఎమ్ కన్నా ఎక్కువగా కాళ్ళు విరగ్గొడుతుంది.

పక్కన ‘ఈఆర్’ అని ఉంటే ముందు అనుభవం చూపించాలి, ‘ఎన్ఎస్’ అని ఉంటే మ్యాపు చదవడం రావాలి. కొత్తవాళ్ళు రెండు మూడు ఎస్ రేసులు, తర్వాత ఒక బీఎమ్ పూర్తిచేసి, అప్పుడు ఫెయిర్‌ఫీల్డ్ హార్స్‌షూ లాంటిదానికి రావడం మంచి వరుస. అది సుమారు 14.5 కిలోమీటర్లు, 900 మీటర్ల పైచిలుకు ఎక్కుడు. వాస్‌డేల్ రేసు సంగతి వేరు. 34 కిలోమీటర్లలో దాదాపు 2,750 మీటర్లు ఎక్కి, విన్ రిగ్, సీటాలన్, పిల్లర్, గ్రేట్ గేబుల్ దాటి, ఇంగ్లండులో అన్నిటికన్నా ఎత్తయిన స్కాఫెల్ పైక్ (978 మీటర్లు) మీదుగా దిగాలి. దాన్ని మొదటి ఏడాది తలపెట్టకండి.

ఎక్కుడు

నిటారు చోట గెలిచేవాళ్ళు కూడా నడుస్తారు, ఇందులో నామోషీ ఏమీ లేదు. పరుగు ఆపి నడకలోకి ఎప్పుడు మారాలో తెలియడమే నేర్పు. అడుగు పాదం పొడవుకన్నా చిన్నదైపోయి, మాట పెగలకపోతే మారిపోండి. నడుము దగ్గర వంగి, రెండు అరచేతులూ మోకాలి చిప్పకు పైన, తొడ కింది భాగంలో ఆనించి, ప్రతి అడుగుకూ కిందికి నొక్కండి. చిప్ప మీదే నొక్కితే మర్నాడు మోకాలు నొప్పి. మునివేళ్ళ మీదే ఎక్కుతూ పోతే పది నిమిషాల్లో పిక్కలు మండుతాయి, అందుకని గడ్డి గుబురో, రాతి అంచో దొరికినచోటల్లా మడమ దించండి.

వారానికొకసారి 20 నుంచి 30 శాతం వాలు ఉన్న గడ్డి కొండ మీద రెండు నిమిషాల చొప్పున ఎనిమిది సార్లు ఎక్కండి. మొదటి నాలుగూ పరుగు, తర్వాతి నాలుగూ చేతులతో నొక్కుతూ నడక. సెలవులకు ఊరొచ్చినప్పుడు అలిపిరి మెట్లెక్కితే పిక్కలకు, ఊపిరికి మంచి పనే. కానీ మెట్లు సమానంగా ఉంటాయి. తడి గడ్డిలో అడుగడుగుకూ చీలమండ ఒక్కో కోణంలో వంగుతుంది, ఆ అలవాటు మెట్ల మీద రాదు.

దిగుడు

అసలు తేడా ఇక్కడే వస్తుంది. భయంతో వెనక్కి వాలితే బరువు మడమ మీద పడుతుంది, షూ కింది ముళ్ళు నేలలో దిగవు, మీరు కూర్చున్నట్టు జారిపోతారు. చీలమండల దగ్గర నుంచి ఒంటిని వాలువైపు కొద్దిగా ముందుకు వంచండి. అడుగులు చిన్నవిగా, త్వరత్వరగా పడాలి. మోకాళ్ళు ఎప్పుడూ కొంచెం వంగే ఉండాలి. చేతులు పక్కలకు చాచండి, చూసేవాళ్ళు నవ్వినా పరవాలేదు. చూపు పాదాల మీద పెట్టకుండా మూడు నాలుగు మీటర్ల ముందుకు పంపండి, పాదం వచ్చేసరికి కన్ను ఆ చోటు ముందే ఎంచి ఉంటుంది.

సన్న గులకరాళ్ళ జారుడు వాలులో మాత్రం పద్ధతి తలకిందులు. అక్కడ మడమ గుచ్చి, రాళ్ళతోపాటే అర మీటరు జారనిచ్చి, రెండో మడమ గుచ్చాలి. పెద్ద రాళ్ళుంటే ఇది చేయకండి, చీలమండ ఇరుక్కుంటుంది. ఇంకొకరికి సరిగ్గా కింద ఎప్పుడూ ఉండొద్దు. మీ కాలికింద రాయి కదిలితే ‘బిలో!’ అని గట్టిగా అరవండి, ఆ మాట వింటే కిందివాళ్ళు తప్పుకుంటారు.

దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువు మోస్తుంది. మర్నాడు మెట్లు దిగలేకపోవడానికి కారణం అదే. ఒకసారి బాగా నొచ్చి మానిన కండరం మళ్ళీ అంతగా దెబ్బతినదు, ఈ రక్షణ కొన్ని వారాలు నిలుస్తుంది. అందువల్ల రేసుకు 10 నుంచి 14 రోజుల ముందు ఒకేరోజు 700, 800 మీటర్ల దిగుడు గట్టిగా పరుగెత్తండి. చివరి వారంలో చేస్తే మాత్రం ఆ నొప్పితోనే స్టార్టు గీత మీద నిలబడతారు.

షూ బిగుతుగా పట్టాలి, అడుగున ముళ్ళు 6 నుంచి 8 మిల్లీమీటర్లు, మడమ తక్కువ ఎత్తు. మందపాటి మెత్తటి అడుగుంటే అడ్డవాలులో చీలమండ తిరగబడుతుంది. కాస్త వదులైనా దిగుడులో బొటనవేలు ముందుకు గుద్దుకుని గోరు నల్లబడుతుంది. గోళ్ళు రెండు రోజుల ముందే కత్తిరించండి.

దారి

చాలా రేసుల్లో జీపీఎస్ చూసి దారి వెతకడానికి ఒప్పుకోరు, నిబంధనలు చదవండి. కంపాస్ వాడకం ఇంట్లో బల్ల మీద నేర్చుకుని, ఎండరోజు కొండ మీద నాలుగుసార్లు చేసి చూసుకోండి:

1. కంపాస్ పొడుగు అంచును మ్యాపు మీద మీరున్న చోటు నుంచి పోవాల్సిన చోటుకు ఆనించండి. బాణం గమ్యం వైపు ఉండాలి.
2. లోపలి గీతలు మ్యాపులోని ఉత్తర గీతలకు సమాంతరమయ్యేదాకా చక్రం తిప్పండి.
3. కంపాస్‌ను ఛాతీ ముందు పెట్టుకుని, ఎర్ర ముల్లు గుర్తులో కుదిరేదాకా మీరు తిరగండి. ఇప్పుడు బాణం చూపేదే దిక్కు.

రెండో మెట్టులో ఉత్తరం దక్షిణం తారుమారు చేస్తే సరిగ్గా ఎదురు లోయలోకి దిగుతారు. లేక్ డిస్ట్రిక్ట్‌లో అలా దిగితే కారు దగ్గరికి రావడానికి 40 కిలోమీటర్ల టాక్సీ కావాల్సి రావచ్చు. అయస్కాంతం మూత ఉన్న ఫోన్ కేసు పక్కన కంపాస్ పెట్టకండి, ముల్లు శాశ్వతంగా తిరగబడిపోగలదు. ముందు పోతున్నవాడి వెంట గుడ్డిగా పోవడం అన్నిటికన్నా మామూలు తప్పు. వాడికీ దారి తెలియకపోవచ్చు.

చలి

వడదెబ్బ సంగతి మనకు చిన్నప్పటినుంచీ తెలుసు, జూలైలో చలికి ప్రాణం మీదికి రావచ్చంటేనే నమ్మబుద్ధి కాదు. ఎత్తు పెరిగేకొద్దీ వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. లోయలో 12 డిగ్రీలుంటే స్కాఫెల్ పైక్ మీద ఆరు, దానికి తోడు గాలి, తడిసిన చొక్కా. ఎక్కేటప్పుడు ఒళ్ళు వేడిగా ఉండి ఇదంతా తెలియదు. శిఖరం దాటి వేగం తగ్గగానే వేళ్ళు మొద్దుబారి జిప్పు లాగలేకపోతారు.

కాబట్టి కోటు శిఖరానికి 50 మీటర్ల కిందే, రాతిగోడ చాటున వేసుకోండి. టోపీ ఉన్న వాటర్‌ప్రూఫ్ కోటు, వాటర్‌ప్రూఫ్ ప్యాంటు, తల టోపీ, గ్లోవ్స్, మ్యాపు, కంపాస్, విజిల్, అత్యవసర తిండి మామూలుగా అడిగే సామాను. కోటు కుట్ల మీద లోపల టేపు అతికించి ఉందో లేదో తనిఖీలో చూస్తారు. గాలిని మాత్రమే ఆపే పల్చటి కోటుతో వస్తే వెనక్కి పంపేస్తారు. పక్కన పరుగెత్తేవాడు మాటలు తడబడుతూ, ఊరికే తూలుతుంటే, ‘నేను బాగానే ఉన్నా’ అన్నా నమ్మకండి. పొడి బట్ట వేయించి, తినిపించి, కిందికి దించండి.

గంటకు 40 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం చాలు. మెడ్జూల్ ఖర్జూరాలు మూడు తింటే ఇంచుమించు 50 గ్రాములు. గింజలు ఇంట్లోనే తీసేయండి. పల్లీ చిక్కీ రుచే కానీ ఎండిపోయిన నోటితో, రొప్పుతూ నమలలేరు.

మధ్యలో ఆగిపోవాల్సి వస్తే దగ్గరి చెక్‌పాయింటులో చెప్పి, ఫినిష్‌కు కూడా వెళ్ళి మీ నంబరు చెప్పాలి. చెప్పకుండా ఇంటికి పోతే మౌంటెన్ రెస్క్యూ వాలంటీర్లు రాత్రంతా మీకోసం కొండ గాలిస్తారు. అదే రేసు నిర్వాహకులు తర్వాత ఏడాది మీ ఎంట్రీ తీసుకోకపోవచ్చు కూడా.

ఫినిష్ దాటాక కూర్చోకముందే తడిబట్టలు మార్చేయండి, ఆగిన పది నిమిషాలకే వణుకు మొదలవుతుంది. స్నానం చేసేటప్పుడు మోకాళ్ళ వెనక, గజ్జల్లో పిడుదులు పట్టాయేమో చూసుకోండి. బ్రాకెన్ అనే ఫెర్న్ పొదల్లోంచి వచ్చినవాళ్ళకు ఇది మామూలే. షూలో పాత న్యూస్‌పేపరు కుక్కి నీడలో ఆరబెట్టండి, హీటరు మీద పెడితే అడుగు ఊడొస్తుంది.