పసిపిల్లల ఉత్పత్తుల దిగుమతి: కస్టమ్స్ వర్గీకరణపై ముందస్తు రూలింగ్‌కు దరఖాస్తు విధానం

కస్టమ్స్ సుంకాల పట్టిక ఎంత వెతికినా 'పసిపిల్లల ఉత్పత్తులు' అనే విభాగం కనబడదు. దుకాణంలో ఒకే అరలో ఉండే డైపర్లు, వైప్స్, పాలసీసాలు, గిలక్కాయలు పట్టికలో తలో అధ్యాయంలో ఉంటాయి. సుంకం కూడా దేనిది దానికే. సరుకు రేవుకు చేరాక మీరు వేసిన కోడ్ (సరుకు రకాన్ని తెలిపే అంకెలు) తప్పని అధికారి తేలిస్తే తేడా సుంకం, వడ్డీ, ఒక్కోసారి జరిమానా పడతాయి. వాటికి తోడు కంటైనర్ కదలనన్ని రోజులూ గోదాము అద్దె పెరుగుతూనే ఉంటుంది.

ఈ చిక్కు రాకుండా, సరుకు బయలుదేరకముందే కస్టమ్స్ శాఖను అడిగి రాతపూర్వక నిర్ణయం తీసుకోవచ్చు. దీన్నే ముందస్తు రూలింగ్ అంటారు. ప్రపంచ వాణిజ్య సంస్థ వాణిజ్య సౌలభ్య ఒప్పందం 2017 ఫిబ్రవరి 22న అమల్లోకి వచ్చింది. దాని 3వ అధికరణం ప్రకారం సభ్యదేశాలు వర్గీకరణపై ఇలాంటి రూలింగులు ఇవ్వాలి. దిగుమతిదారు, ఎగుమతిదారు, తగిన కారణం ఉన్న మరెవరైనా స్వయంగా గానీ ప్రతినిధి ద్వారా గానీ దరఖాస్తు చేయవచ్చు. అయితే దరఖాస్తుదారుకు తమ దేశంలో రిజిస్ట్రేషన్ ఉండాలని కొన్ని దేశాలు అడుగుతాయి. ఫారం, రుసుము, గడువు ఏ దేశానికి ఆ దేశానివే. ఆ వివరాలను ప్రతి దేశమూ ప్రకటించాలి కాబట్టి మొదట ఆ దేశ కస్టమ్స్ వెబ్‌సైట్ చూడండి.

ముందు మీ కోడ్ మీరే తేల్చుకోండి

'మా సరుకు ఏ శీర్షికలోకి వస్తుందో మీరే చెప్పండి' అని రాసి పంపే వారున్నారు. అలా చేయకండి. శీర్షిక అంటే పట్టికలో సరుకు రకాన్ని తెలిపే నాలుగంకెల పద్దు. మీకు సరైనదనిపించిన శీర్షిక, పోటీకి వచ్చే మరో శీర్షిక, దాన్ని ఎందుకు కాదంటున్నారో మూడూ రాయండి. చాలా ఫారాల్లో దీనికి ప్రత్యేకంగా గడి ఉంటుంది. లేకపోతే వేరే కాగితం జతచేయండి.

వర్గీకరణకు ఆధారం ప్రపంచ కస్టమ్స్ సంస్థ రూపొందించిన హార్మొనైజ్డ్ సిస్టమ్. ఇది 1988 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. కోడ్‌లో మొదటి ఆరు అంకెలు దీన్ని పాటించే దేశాలన్నిటిలో ఒకటే. ఆ తర్వాతి అంకెలను ఎవరికి వారు చేర్చుకుంటారు. శీర్షికల్లోని మాటలకు, విభాగాలకూ అధ్యాయాలకూ ఉన్న నోట్స్‌కే చట్టబలం ఉంటుంది. పెట్టె మీది ఆకర్షణీయమైన పేరుకు ఆ విలువ లేదు.

కొన్ని సరుకులు తేలిగ్గానే తేలిపోతాయి. డైపర్లు గుడ్డవైనా, వాడి పారేసేవైనా హార్మొనైజ్డ్ సిస్టమ్ 2012 కూర్పు నుంచి 9619లోకే వస్తాయి. ఏ పదార్థంతో చేసినా సరేనని ఆ శీర్షికలోనే ఉంది. తోపుడు బండ్లు 8715. ఒంటికి రాసే పౌడర్లు 3304.91, షాంపూ 3305.10. బట్టల విషయంలో మాత్రం ఒక కొలత గుర్తుంచుకోవాలి. 86 సెంటీమీటర్లకు మించని ఎత్తున్న పిల్లలకు ఉద్దేశించినవే పసిపిల్లల దుస్తులు. అల్లిక బట్టతో చేసినవైతే 6111, నేత బట్టతో చేసినవైతే 6209. లేబుల్ మీద నెలల వయసు మాత్రమే ఉంటే, సైజుల పట్టికలో ఎత్తు కూడా చూపించండి.

అసలు పేచీ వచ్చేది మిగతా వాటితోనే. పాలసీసా పీకనే తీసుకోండి. గట్టిపడని వల్కనైజ్డ్ (గంధకంతో వేడిచేసి బలపరచిన) రబ్బరుదైతే 4014. సిలికోన్‌ను ప్లాస్టిక్‌గా లెక్కిస్తారు కాబట్టి ఆ పీక 3924లోకి వెళుతుంది. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. తేడా తెలిపేది తయారీదారు ఇచ్చే పదార్థ ధ్రువపత్రమే.

వైప్స్ ఇంకా చిక్కు. నాన్‌వోవెన్ (నేయకుండా పోగులను అతికించి చేసిన) గుడ్డకు పట్టించింది సబ్బో డిటర్జెంటో అయితే 3401, పరిమళమో సౌందర్య ద్రవ్యమో అయితే 3307, క్రిమిసంహారకంగా రూపొందించినదైతే 3808 పరిశీలనకు వస్తాయి. డైపర్ దద్దుర్ల క్రీముకు మందు కోడ్ వేయాలని చాలామందికి ఆశ. కానీ 3303 నుంచి 3307 వరకూ ఉన్న ఉత్పత్తులకు చికిత్సా గుణం ఉన్నా అవి 30వ అధ్యాయంలోకి రావని ఆ అధ్యాయం నోట్ చెబుతోంది. లేబుల్ మీద 'వైద్యులు సిఫార్సు చేసినది' అని ఉన్నంత మాత్రాన క్రీము మందైపోదు.

కానుకల పెట్టెల సంగతి మరో రకం. వేర్వేరు శీర్షికలకు చెందిన వస్తువులు కనీసం రెండు ఉండాలి, అవి కలిసి ఒకే అవసరాన్ని తీర్చాలి, మళ్లీ ప్యాక్ చేయకుండా వినియోగదారుకు అమ్మేలా ఉండాలి. అప్పుడే హార్మొనైజ్డ్ సిస్టమ్ వ్యాఖ్యాన నియమం 3(బి) కింద పెట్టె మొత్తాన్ని సెట్‌గా చూసి, దానికి ముఖ్య స్వభావాన్నిచ్చే వస్తువు కోడ్ వేస్తారు. షాంపూ, సబ్బు, లోషన్ కలిపి స్నానపు సెట్ అనవచ్చు. వాటి పక్కన ఒక కథల పుస్తకం పెడితే ఆ వాదన నిలవడం కష్టం.

వివరణ రాయడంలోనే ఉంది అంతా

దరఖాస్తులో ఎక్కువ సమయం పెట్టాల్సింది సరుకు వివరణ మీద. 'పసిపిల్లల సున్నిత చర్మానికి తగిన మృదువైన వైప్స్, ఉత్తమ నాణ్యత' అని రాస్తే అధికారికి తెలిసేది శూన్యం. ఇలా రాయాలి: 'విస్కోస్, పాలిస్టర్ పోగులతో చేసిన నాన్‌వోవెన్ గుడ్డ ముక్కలు. ఒక్కొక్కటి 15×20 సెంటీమీటర్లు. పట్టించిన ద్రవంలోని పదార్థాలు, బరువులో వాటి శాతాలు అనుబంధంలో ఉన్నాయి. సబ్బు, డిటర్జెంట్ లేవు. చర్మాన్ని తుడిచి తేమగా ఉంచడానికి వాడతారు. 72 వైప్స్ చొప్పున చిల్లర అమ్మకపు ప్యాకెట్లలో వస్తాయి.' దేంతో చేశారు, ఏం పని చేస్తుంది, ఏ రూపంలో అమ్ముతారు అనే మూడింటికీ అందులో జవాబుంది. ద్రవంలో సర్ఫాక్టెంట్ (మురికిని వదిలించే పదార్థం) ఉంటే దాని పేరు, శాతం, అది ఎందుకు కలిపారో తప్పక చెప్పండి. దాచితే ప్రయోగశాల పరీక్షలో బయటపడుతుంది, అప్పుడు రూలింగే చెల్లకుండా పోతుంది.

జతచేయాల్సినవి మామూలే: లేబుల్ నకలు, ఫొటోలు, క్యాటలాగ్, పదార్థాల పత్రం, పరీక్షా నివేదిక ఉంటే అది. నమూనా అడిగితే సీలు తీయని చిల్లర ప్యాకెట్ పంపండి. ఫార్ములా వ్యాపార రహస్యమైతే ఆ పేజీలను విడిగా గుర్తించి, గోప్యంగా ఉంచాలని కోరండి. రూలింగులను ప్రచురించేటప్పుడు వాణిజ్య రహస్యాలను కాపాడాలన్న నిబంధన ఒప్పందంలోనే ఉంది.

ఒక దరఖాస్తులో ఒకే రకం సరుకు పెట్టడం మేలు. ఇదే ప్రశ్న ఇప్పటికే ఏదైనా అధికారి, ట్రైబ్యునల్ లేదా కోర్టు ముందుంటే తిరస్కరించవచ్చు. రేవులో సరుకు ఆగాక దరఖాస్తు పెడదామనుకునే వారికి ఈ తలుపు సాధారణంగా మూసుకుపోయినట్టే.

రూలింగ్ చేతికొచ్చాక

ఐరోపా సమాఖ్యలో రూలింగ్ సాధారణంగా మూడేళ్లు చెల్లుతుంది. ఈలోగా చట్టం గానీ, సరుకు వివరాలు గానీ మారితే అంతటితో సరి. తయారీదారు వైప్స్ ద్రవాన్ని మార్చినా, పీకకు రబ్బరు బదులు సిలికోన్ వాడినా పాత కాగితం పనికిరాదు, మళ్లీ దరఖాస్తు చేయాలి. మరో దిగుమతిదారుకు వచ్చిన రూలింగ్‌ను వాదనకు ఆధారంగా చూపవచ్చు గానీ, అది మీకు హక్కుగా వర్తించదు. నిర్ణయం నచ్చకపోతే సమీక్షకో అప్పీలుకో వెళ్లవచ్చు, దాని గడువు రూలింగ్ అందిన రోజునే చూసుకోండి.

దిగుమతి ప్రకటనలో రూలింగ్ సంఖ్య, తేదీ నమోదు చేసి నకలు జతచేయండి. హార్మొనైజ్డ్ సిస్టమ్ తదుపరి కూర్పు 2028 జనవరి 1న అమల్లోకి వస్తుంది. ఆ తేదీ దాటాక వచ్చే సరుకుకు మీ రూలింగ్‌లోని శీర్షిక, నోట్స్ మారాయేమో ఆర్డర్ పెట్టేముందే సరిచూసుకోండి.