రెపో తగ్గినా నా ఈఎంఐ ఎందుకు తగ్గలేదంటే

మియాపూర్‌లో అద్దెకిచ్చిన ఫ్లాట్‌కు 2016లో తీసుకున్న లోన్ ఇది. అద్దె 17,500, ఈఎంఐ 17,860. 2025లో ఫిబ్రవరి నుంచి జూన్ లోపు రెపో (రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు) 6.5 నుంచి 5.5 శాతానికి దిగినా నా వడ్డీ 8.9 దగ్గరే ఆగిపోయింది. కస్టమర్ కేర్, యాప్‌లో కంప్లైంట్, మూడుసార్లు బ్రాంచ్, అన్నీ వృథా.

చివరికి పాత శాంక్షన్ లెటర్ తీసి చూశాను. లోన్ ఎంసీఎల్ఆర్‌కి, అంటే బ్యాంకు తన ఖర్చుల్ని బట్టి తానే లెక్కగట్టే రేటుకి, ముడిపడి ఉంది. 2019 అక్టోబర్ నుంచి బ్యాంకుల్లో తీసుకున్న ఫ్లోటింగ్ హోమ్ లోన్లే రెపో లాంటి బయటి రేటుకి ముడిపడతాయి, పాతవి మనం అడిగితేనే మారుతాయి. రెపో లింక్‌కి మార్చమని కాగితం మీద రాసి, లోన్ సెక్షన్‌లో ఇచ్చి, నకలు మీద స్టాంప్ వేయించుకున్నాను. మార్పిడి ఫీజు కట్టి, కొత్త అగ్రిమెంట్ మీద సంతకం చేశాను. ఆ దరఖాస్తులోనే 'కాలపరిమితి కాదు, ఈఎంఐ తగ్గించండి' అని రాయడం మరిచిపోకండి. రాయకపోతే చాలాసార్లు ఈఎంఐ అలాగే ఉంచి నెలలు తగ్గిస్తారు. నాకు అద్దెతో వాయిదా గడవడమే ముఖ్యం.

వడ్డీ 7.9 అయింది, ఈఎంఐ 17,040. నెలనెలా చేతినుంచి వేసుకునే టెన్షన్ పోయింది.

హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు బయటి రేటుకి ముడిపెట్టాలన్న ఈ రూల్ వర్తించదు. సిబిల్ స్కోర్‌ను బట్టి మీకు వచ్చే రేటు వేరుగా ఉండొచ్చు.