వార్ధక్య ఛాయలకు మొక్కల సారాలు: లేబుల్ చదవడం, ఎంచుకోవడం, వాడటం

ముఖంపై ముడతలు పడటం, నల్లమచ్చలు రావడం, చర్మం బిగువు తగ్గడం వంటివన్నీ వయసు ఖాతాలోనే వేస్తాం కానీ, వాటిలో పెద్ద వాటా ఎండది. అతినీలలోహిత కిరణాలు సోకినప్పుడు చర్మం లోపలి పొరలో బిగువునిచ్చే ప్రొటీన్ అయిన కొల్లాజెన్‌ను తెంచే ఎంజైములు చురుకవుతాయి. ఆ నష్టం ఏళ్ల తరబడి పేరుకుని ముడతలుగా బయటపడుతుంది. అందువల్ల మొక్కల సారాలున్న సీరమ్ కొనదలచినవారు ముందుగా రోజూ సన్‌స్క్రీన్ రాసుకునే అలవాటు తమకు ఉందో లేదో చూసుకోవాలి. ఆస్ట్రేలియాలో 55 ఏళ్లలోపు వయసున్న 900 మందికి పైగా పెద్దలపై నాలుగున్నరేళ్లు సాగి, 2013లో ఫలితాలు వెలువడిన అధ్యయనంలో, ప్రతిరోజూ సన్‌స్క్రీన్ వాడినవారి చర్మంపై వార్ధక్య లక్షణాలు గుర్తించదగినంతగా పెరగలేదు. ఏ మొక్క సారానికీ ఇంతటి రుజువు లేదు. సారాలు సన్‌స్క్రీన్‌కు తోడుగా పనికొస్తాయే తప్ప దానికి బదులు కాలేవు.

అట్టపెట్టె మీద ఆకు బొమ్మ, మొక్క పేరు ఉన్నంత మాత్రాన లోపల ఏముందో తెలియదు. ఒకే మొక్క ఆకు నుంచి తీసిన సారం వేరు, విత్తనం నుంచి తీసినది వేరు. నీటిలోకి దిగే పదార్థాలు వేరు, ఆల్కహాల్‌లోకో నూనెలోకో దిగేవి వేరు. పెరిగిన నేలను, కోసిన కాలాన్ని బట్టి కూడా వాటి మోతాదు మారుతుంది. పైగా సారం చాలాసార్లు గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్, నీరు వంటి ద్రావకాల్లో పలుచనై తయారీదారుకు చేరుతుంది కనుక, ‘5 శాతం సారం’ అని రాసినచోట ఆ ఐదింటిలో అధిక భాగం ద్రావకమే కావచ్చు. మొక్క పేరుతో సరిపెట్టకుండా, అందులో పనిచేసే రసాయనం పేరు, దాని శాతం కూడా చెప్పే ఉత్పత్తికే మొదటి ప్రాధాన్యం ఇవ్వాలి.

ఈ తేడా ఎంత ముఖ్యమో బావంచాల విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. ఈ మొక్క గింజల నుంచి వేరుచేసే బాకుచియోల్ నేడు, ముడతలకు వాడే విటమిన్ ఎ రూపమైన రెటినాల్‌కు ప్రత్యామ్నాయంగా ప్రచారంలో ఉంది. రెండింటి రసాయన నిర్మాణాల్లో పోలిక లేకపోయినా, చర్మకణాల్లోని జన్యువులపై బాకుచియోల్ రెటినాల్ వంటి ప్రభావమే చూపుతుందని 2014లో ఒక పరిశోధన పేర్కొంది. ఆ తర్వాత 44 మందిపై 12 వారాలు జరిగిన పరీక్షలో, 0.5 శాతం బాకుచియోల్‌ను రోజుకు రెండుసార్లు వాడినవారిలోనూ, 0.5 శాతం రెటినాల్‌ను రోజుకు ఒకసారి వాడినవారిలోనూ ముడతలు, మచ్చలు చెప్పుకోదగినంతగా తగ్గాయి; చర్మం పొట్టు రేగడం, చురచురలాడటం మాత్రం రెటినాల్ వాడినవారిలో ఎక్కువ. 44 మంది అనేది చిన్న సంఖ్యే. దశాబ్దాల పరిశోధన ఉన్న రెటినాయిడ్లతో (రెటినాల్, దాని కోవ పదార్థాలతో) దీనిని సమానం చేయడం తొందరపాటు. అయినా, రెటినాల్ పడనివారు ప్రయత్నించదగిన మొక్కల పదార్థాల్లో దీనినే ముందు చెప్పాలి. ఇందులో ఒక ప్రమాదం కూడా ఉంది. అవే గింజల్లో సొరాలెన్లు అనే పదార్థాలుంటాయి. అవి ఒంటిపై ఉండగా ఎండ తగిలితే చర్మం కమిలి, బొబ్బలెక్కి, నెలల తరబడి పోని మచ్చలు మిగలవచ్చు. శుద్ధిచేసిన బాకుచియోల్‌లో వాటిని తొలగిస్తారు, గింజల పొడిలోనూ నూనెలోనూ అవి ఉంటాయి. కనుక లేబుల్‌పై బాకుచియోల్ అనే పేరు విడిగా కనిపించాలి. ఆ మొక్క గింజల నూనె అనో, పొడి అనో ఉంటే ముఖానికి వాడకపోవడమే మంచిది.

లేబుల్ చదవడానికి ఒక చిన్న కిటుకు ఉంది. పదార్థాలను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాస్తారు. అయితే ఒక శాతం కంటే తక్కువ ఉన్నవాటిని ఏ వరుసలోనైనా రాయవచ్చు. నిల్వ కోసం కలిపే ఫినాక్సీ ఇథనాల్‌ను యూరప్ నిబంధనల ప్రకారం ఒక శాతానికి మించి వాడకూడదు కాబట్టి, జాబితాలో దాని తర్వాత వచ్చే మొక్కల పేర్లన్నీ ఒక శాతం లోపువేనని అంచనా వేయవచ్చు. పది పదిహేను మొక్కల పేర్లు వరుసగా ఆ చివరన చేరితే అవి అమ్మకం కోసం చేర్చినవేనని అనుమానించవచ్చు. కానీ 0.5 శాతంలోనే పనిచేసే పదార్థాలూ ఉన్నాయి గనుక, తయారీదారు శాతాన్ని ప్రకటించినప్పుడు వరుసను చూసి తోసిపుచ్చకూడదు.

మిగిలిన సారాలను వాటి పనిని బట్టి ఎంచుకోవాలి. రంగు సమంగా లేకపోవడమే ప్రధాన సమస్య అయితే అతిమధురం సారం అనుకూలం. అందులోని గ్లాబ్రిడిన్ అనే పదార్థం, చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీకి కావలసిన ఎంజైమును అడ్డుకుంటుంది, ముడతల విషయంలో మాత్రం దాని నుంచి ఎక్కువ ఆశించకూడదు. పొడిబారి, ఎర్రబడి, త్వరగా రేగే చర్మానికి సరస్వతి ఆకు (సెంటెల్లా) సారం ఊరటనిస్తుంది. గ్రీన్ టీలోని ఈజీసీజీ అనే పదార్థం మంచి యాంటీఆక్సిడెంట్, అంటే కణాలను దెబ్బతీసే ఆక్సీకరణను అడ్డుకునేది. మొక్కల కణ గోడల్లో ఉండే ఫెరులిక్ ఆమ్లాన్ని 0.5 శాతం మేర విటమిన్ సి, ఇ ద్రావణంలో కలిపితే ఆ విటమిన్లు మరింత నిలకడగా ఉండటమే కాక, ఎండ నుంచి అవి ఇచ్చే రక్షణ సుమారు రెట్టింపవుతుందని 2005లో తేలింది. పగటిపూట సన్‌స్క్రీన్ కింద రాసుకోవడానికి ఈ కలయిక తగినది. ‘మొక్కల మూలకణాలు’ అన్న ప్రచారానికి మాత్రం ధర చెల్లించనవసరం లేదు. సీసాలో ఉండేది ఆ కణాల నుంచి తీసిన సారమే గాని సజీవ కణాలు కావు.

యాంటీఆక్సిడెంట్లకు గాలి, వెలుతురు శత్రువులు. వెడల్పు మూత ఉన్న పారదర్శకమైన డబ్బాలో వచ్చే క్రీమ్ ఎంత మంచిదైనా, మూత తీసిన ప్రతిసారీ కొంత శక్తిని కోల్పోతుంది. ముదురు రంగు సీసా, గాలి చొరబడని పంపు మేలు. రంగు గోధుమగా మారినా, వాసన తేడాగా ఉన్నా పారవేయాలి.

కొత్త ఉత్పత్తిని నేరుగా ముఖానికి పూయకూడదు. మోచేతి మడత దగ్గర ఒకేచోట రోజుకు రెండుసార్లు చొప్పున వారం పదిరోజులు రాసి చూడాలి, ఎందుకంటే అలర్జీ చాలాసార్లు మొదటి రోజే బయటపడదు. చామంతి కుటుంబపు మొక్కలు పడనివారు కమోమిల్, ఆర్నికా, కలెండ్యులా సారాల విషయంలో మరింత జాగ్రత్త వహించాలి. సుగంధ తైలాల్లోని లిమొనీన్, లినలూల్ గాలి తగిలి ఆక్సీకరణం చెందాక అలర్జీ కలిగించే గుణాన్ని పెంచుకుంటాయి. సహజమైనవి గనుక హాని చేయవన్న మాటకు ఇక్కడ విలువ లేదు. నిమ్మరసం నేరుగా ముఖానికి రాయడం కూడా సొరాలెన్ల కారణంగానే మానుకోవాలి. పరీక్షలో ఇబ్బంది లేకపోతే, ఒకసారికి ఒకే కొత్త ఉత్పత్తిని మొదలుపెట్టి, వారానికి రెండు మూడు రాత్రులతో ప్రారంభించి క్రమంగా పెంచాలి. శుభ్రం చేసిన ముఖంపై ముందు పలుచని సీరమ్, తర్వాత క్రీమ్, పగలైతే చివరగా సన్‌స్క్రీన్ రాసుకోవాలి. గర్భిణులు రెటినాయిడ్లకు దూరంగా ఉండాలి. బాకుచియోల్‌పై గర్భిణుల్లో తగినంత పరిశోధన లేనందున దానికీ వైద్యుల సలహా అవసరం.

మొదలుపెట్టిన రోజున ఒకే వెలుతురులో, ఒకే కోణంలో ఫొటో తీసుకుని, 12 వారాల తర్వాత మళ్లీ తీసి పోల్చుకోవాలి. అద్దంలో రోజూ చూసుకుంటే మార్పు తెలియదు. తేడా లేకపోతే మోతాదు పెంచడం కాదు, ఆ ఉత్పత్తిని మానేయడమే సరైనది. ఏదైనా మచ్చ అంచులు వంకరపోయినా, రంగు మారినా, రక్తం కారినా దానిపై ఏ సారమూ రాయకుండా చర్మవైద్యునికి చూపించాలి.