"ఈ ఖాతా మీదని గూగుల్ వెరిఫై చేయలేకపోయింది" అంటుంటే ఏం చేయాలి?

జీమెయిల్ పాస్‌వర్డ్ మర్చిపోయారు. రికవరీ పేజీలో, అంటే ఖాతా తిరిగి తెరిపించుకునే గూగుల్ పేజీలో, అడిగినవన్నీ ఇచ్చారు. అయినా చివర్లో అదే మాట: ఈ ఖాతా మీదని వెరిఫై చేయలేకపోయాం. ఖాతా మీదే, అందులో పిల్లల ఫొటోలూ మీవే, కానీ నమ్మించే దారి కనిపించదు. టెన్షన్‌లో వెంటనే మళ్లీ, ఆ వెంటనే ఇంకోసారి ట్రై చేస్తుంటారు చాలామంది. ముందు అది ఆపండి. వరసగా ప్రయత్నిస్తూ పోతే "చాలాసార్లు ప్రయత్నించారు, తర్వాత రండి" అనే మరో అడ్డు వచ్చి పడుతుంది.

ముందు తాళం ఏ రకమో చూసుకోండి

పైన చెప్పిన మెసేజ్ వస్తే అది రికవరీ సమస్య. "ఖాతాను డిసేబుల్ చేశాం" అని వస్తే కథ వేరు. నియమాలు మీరారని గూగులే ఆపేసిందన్నమాట. అక్కడ పాస్‌వర్డ్ మార్చుకుని లాభం లేదు, లాగిన్ అయ్యాక కనిపించే అప్పీల్ పెట్టుకోవాలి. కాలేజీవాళ్లో ఆఫీసువాళ్లో ఇచ్చిన మెయిల్ అయితే అక్కడి ఐటీ వాళ్లు పాస్‌వర్డ్ రీసెట్ చేసి ఇవ్వగలరు, నేరుగా వాళ్లనే అడగండి. అసలు ఖాతాయే కనిపించట్లేదని వస్తే స్పెల్లింగ్ సరిచూడండి. అదీ సరిగ్గానే ఉంటే ఖాతా పోయి ఉండొచ్చు. రెండేళ్లపాటు ఎవరూ వాడని వ్యక్తిగత ఖాతాలను గూగుల్ 2023 డిసెంబర్ నుంచి తొలగిస్తోంది.

సమస్య: ఆధార్, పాన్, ఫోన్ కొన్న బిల్లు అన్నీ ఉన్నాయి. ఎవరికి చూపించాలి?

ఎవరికీ కాదు. ఇది మనవాళ్లకు మింగుడుపడని విషయం, ఎందుకంటే మనకు ఏ ఆఫీసుకు వెళ్లినా ముందు ఆధార్ జిరాక్స్ అలవాటు. జీమెయిల్ తెరిచిన రోజు గూగుల్ ఆధార్ అడగలేదు. అడగనిది దాని దగ్గర లేదు, లేనిదానితో పోల్చి చూడలేదు. అదే పేరుతో వేలమంది ఉండొచ్చు కూడా. పుట్టిన తేదీ తప్పు పడి వయసు చాలదని ఖాతా ఆగిపోతే మాత్రం గుర్తింపు కార్డు అడుగుతారు. పాస్‌వర్డ్ పోయినప్పుడు అది పనికిరాదు.

ఇక్కడ గూగుల్ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ లాంటిది. కాగితాలు చదవదు, రోజూ చూసే ముఖాన్ని గుర్తుపడుతుంది. దానికి తెలిసిన ముఖం అంటే మీరు ఇన్నాళ్లూ వాడిన ఫోన్, అందులోని బ్రౌజర్, ఇంటి వైఫై, మీ ఊరు. కొత్త ఫోన్‌లోనో, నెట్ సెంటర్‌లోనో, ఫ్రెండ్ లాప్‌టాప్‌లోనో చేసిన రికవరీ ఎక్కువగా ఫెయిలయ్యేది అందుకే. సమాధానాలు కరెక్టే కావచ్చు, అడిగే చోటు కొత్తది.

కాబట్టి అటక మీద ఉన్నా సరే, పాత ఫోన్ దించి ఛార్జింగ్ పెట్టండి. స్క్రీన్ పగిలినా పనిచేస్తే చాలు. ఇంటి వైఫైకి కలిపి, ఎప్పుడూ వాడే బ్రౌజర్‌లోనే రికవరీ పేజీ తెరవండి. వీపీఎన్ (మీరున్న చోటును దాచే యాప్) ఉంటే తీసేయండి. "గుర్తున్న చివరి పాస్‌వర్డ్" అడిగితే ఖాళీగా వదలొద్దు. చివరిది గుర్తులేకపోతే అంతకుముందుదైనా ఇవ్వండి, ఏమీ ఇవ్వకపోవడం కంటే అది మేలు. పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ చూసుకోండి. పాత లాప్‌టాప్‌లోని క్రోమ్ పాస్‌వర్డ్ మేనేజర్‌లో అది సేవ్ అయి ఉందేమో ఒకసారి వెతకండి. కొన్నిసార్లు సమాధానం అక్కడే దొరుకుతుంది.

ఇంట్లో ఏ పరికరంలోనైనా ఆ ఖాతా ఇంకా లాగిన్ అయి ఉంటే అది బంగారం. పొరపాటున కూడా సైనౌట్ చేయొద్దు, ఫ్యాక్టరీ రీసెట్ అసలే వద్దు. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే సెట్టింగ్స్‌లో గూగుల్ ఖాతా తెరిచి, సెక్యూరిటీ విభాగంలో పాస్‌వర్డ్ మార్చే దారి ఉందేమో చూడండి. "మర్చిపోయాను" నొక్కితే కొన్నిసార్లు ఫోన్ స్క్రీన్ లాక్ అడిగి లోపలికి రానిస్తుంది.

సమస్య: ఓటీపీ పాత నంబర్‌కు వెళ్తోంది

రికవరీ ఆగిపోయే కేసుల్లో ఇదే అన్నిటికన్నా చిరాకు పెట్టేది. రీఛార్జ్ చేయక సిమ్ ఆగిపోతుంది, ఖాతాలో మాత్రం ఆ నంబరే ఉండిపోతుంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం ప్రీపెయిడ్ సిమ్‌ను 90 రోజులు ఏ రకంగానూ వాడకపోతే, బ్యాలెన్స్ కనీసం 20 రూపాయలైనా లేకపోతే కంపెనీ కట్ చేయొచ్చు. కొన్నాళ్లకు అదే నంబర్ ఇంకొకరికి వెళ్తుంది.

ఆగిపోయి ఎక్కువ రోజులు కాకపోతే, ఆ సిమ్ ఎవరి పేరున ఉందో వాళ్లే ఆధార్ పట్టుకుని ఆ కంపెనీ స్టోర్‌కు వెళ్లండి. ఆధార్ పనికొచ్చేది ఇక్కడే, గూగుల్ దగ్గర కాదు. నంబర్ ఇంకా ఎవరికీ ఇవ్వకపోతే తిరిగి దక్కే అవకాశం ఉంటుంది. ఇప్పటికే వేరేవాళ్ల దగ్గరుంటే ఫోన్ చేసి ఓటీపీ చెప్పమని అడగొద్దు. ఓటీపీ అడిగినవాణ్ని మోసగాడనుకోవడం వాళ్ల తప్పేం కాదు. రికవరీ పేజీలో "ట్రై అనదర్ వే" నొక్కి, రికవరీ మెయిల్ (ఖాతా తెరిచినప్పుడు అదనంగా ఇచ్చిన మరో మెయిల్) దారి వచ్చేదాకా వెళ్లండి. అక్కడ మెయిల్ మొదటి అక్షరాలు చూపిస్తుంది. ఎప్పుడో తెరిచి వదిలేసిన యాహూ ఖాతా కావచ్చు, అన్నయ్యదో బావగారిదో మెయిల్ కావచ్చు. ఆ రోజుల్లో మీకు ఫోన్ సెట్ చేసి ఇచ్చిందెవరో గుర్తు తెచ్చుకోండి.

డాలస్‌కో మెల్‌బోర్న్‌కో చదువుకు వెళ్లిన పిల్లలకు ఈ కష్టం మూడు వైపుల నుంచీ ఒకేసారి వస్తుంది: కొత్త దేశం, కొత్త ఫోన్, ఆగిపోయిన ఇండియా నంబర్. అక్కడ కూర్చుని ఎన్నిసార్లు ప్రయత్నించినా గూగుల్‌కు మీరు కొత్త మనిషే. విజయవాడలోనో వరంగల్‌లోనో ఇంట్లో వదిలొచ్చిన పాత లాప్‌టాప్ ఉంటే, వీడియో కాల్‌లో చెబుతూ అమ్మతోనో తమ్ముడితోనో ఇంటి వైఫై మీద రికవరీ చేయించండి. ఇంకా బయల్దేరని వాళ్లు ఆ సిమ్‌ను ఇంట్లో ఒక ఫోన్‌లో వేసి, రీఛార్జ్ తప్పకుండా చూసుకోమని నాన్నగారికి చెప్పి విమానం ఎక్కండి.

సమస్య: డూప్లికేట్ సిమ్ తీసుకున్నాను, సిగ్నల్ ఉంది, ఓటీపీ మాత్రం రావట్లేదు

సిమ్ పాడవలేదు. మన దేశంలో సిమ్ మార్చాక 24 గంటలపాటు ఎస్సెమ్మెస్‌లు ఆపేస్తారు, దొంగ సిమ్‌తో బ్యాంకు ఓటీపీలు కొట్టేయకుండా. ఒక రోజు ఆగి ప్రయత్నించండి.

సమస్య: టూ స్టెప్ వెరిఫికేషన్ ఉంది, ఫోనే పోయింది

టూ స్టెప్ అంటే పాస్‌వర్డ్ తర్వాత ఫోన్ ద్వారా ఇంకోసారి నిర్ధారణ అడగడం. పాస్‌వర్డ్ తెలిసినా ఆ రెండో మెట్టు దగ్గర ఆగిపోతారు. టూ స్టెప్ పెట్టినప్పుడు బ్యాకప్ కోడ్లు తీసుకుని ఉంటే అవి పది ఉంటాయి, ఒక్కోటి ఎనిమిది అంకెలు, ఒక్కోటి ఒకసారే పనిచేస్తుంది. పాత డైరీలు, డౌన్‌లోడ్స్ ఫోల్డర్, అప్పట్లో తీసిన ప్రింట్లు వెతకండి. కోడ్లు లేకపోతే అదే ఖాతా ఉన్న ట్యాబ్‌కు "మీరేనా?" అన్న ప్రాంప్ట్ వస్తుందేమో చూడండి. రెండూ లేకపోతే డూప్లికేట్ సిమ్ తీసుకుని ప్రయత్నించండి. పైన చెప్పిన 24 గంటలు దీనికీ వర్తిస్తాయి.

సమస్య: ఎవరో దూరి నంబర్, రికవరీ మెయిల్ రెండూ మార్చేశారు

మిగతా కేసుల్లో ఆగమన్నాను, ఇందులో పరుగెత్తాలి. రికవరీ నంబర్ గానీ మెయిల్ గానీ మారాక కూడా 7 రోజుల వరకు పాతవాటికి కోడ్ పంపే వీలు గూగుల్ ఉంచుతుంది. ఆ గడువు దాటితే దొంగ పెట్టిన వివరాలే అసలైనవిగా మిగులుతాయి. తెలిసిన రోజే పాత ఫోన్‌లో, పాత నంబర్‌తో రికవరీ మొదలుపెట్టండి.

ఈలోపు ఆ మెయిల్‌తో ముడిపడినవి కాపాడుకోవాలి. ముందు బ్యాంకు, తర్వాత ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్, డీమ్యాట్, పీఎఫ్. అన్నిటిలో మెయిల్ మార్చండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు పోకపోయినా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. ఆ రసీదు చూసి గూగుల్ ఖాతా తెరవదు. రేపు మీ మెయిల్ నుంచి ఎవరినైనా మోసం చేస్తే మాత్రం మీరు ముందే ఫిర్యాదు చేశారనడానికి అదే ఆధారం.

సమస్య: అన్నీ అయ్యాయి, ఇంకా అదే మెసేజ్

రికవరీ చివర్లో కొన్నిసార్లు గూగుల్ "పరిశీలించడానికి సమయం కావాలి" అంటుంది. కొన్ని గంటలు పట్టొచ్చు, కొన్ని రోజులూ పట్టొచ్చు. ఇది తిరస్కరణ కాదు. రిక్వెస్ట్ నిజమైన యజమానిది కాకపోతే ఆపే అవకాశం ఇవ్వడానికే ఈ ఆలస్యం. అది చెప్పిన గడువు అయ్యేదాకా ఆగండి.

అసలు ఒప్పుకోకపోతే కొన్ని రోజులు వదిలేసి, ఇంకేదైనా కొత్త ఆధారం దొరికాక మళ్లీ చేయండి. అదే ఫోన్, అవే సమాధానాలతో చేస్తే అదే జవాబు వస్తుంది. ఈలోగా ఖాతా ఏ ఫోన్‌లోనైనా తెరిచే ఉంటే ఫొటోలు ఫోన్ మెమరీలోకి దించుకోండి, కాంటాక్ట్స్ ఎక్స్‌పోర్ట్ చేసుకోండి, ముఖ్యమైన మెయిల్స్ కొత్త అడ్రస్‌కు ఫార్వర్డ్ చేయండి. ఖాతా దక్కకపోయినా అందులోని వస్తువులు దక్కుతాయి.

సెర్చ్‌లో "గూగుల్ కస్టమర్ కేర్" అని కనిపించే నంబర్లకు ఫోన్ చేయొద్దు. మామూలు జీమెయిల్ ఖాతాల రికవరీకి గూగుల్ ఫోన్ సపోర్ట్ నడపదు. ఎనీడెస్క్ (మీ ఫోన్‌ను దూరం నుంచి ఇంకొకరు నడిపే యాప్) వేసుకోమనేవాడు, టెలిగ్రామ్‌లో "రెండు వేలిస్తే తెచ్చిస్తా" అనేవాడు మీకు లేని దారి తన దగ్గర ఉందంటున్నాడు. అలాంటి దారి లేదు. ముందు రెండు వేలు పోతాయి, మీరు చెప్పిన పాత పాస్‌వర్డ్‌తో మిగతా ఖాతాలూ పోవచ్చు.

ఖాతా తిరిగి దొరికితే, కొన్ని సెట్టింగ్స్ మార్చడానికి కొద్ది రోజులు ఆగమని గూగుల్ చెప్పవచ్చు, కంగారుపడొద్దు. బ్యాకప్ కోడ్లు కొత్తగా తీసుకుని ప్రింట్ చేసి, ఇంటి పత్రాలున్న బీరువాలో పెట్టండి. రికవరీ మెయిల్‌గా ఇంట్లో రోజూ మెయిల్ చూసేవాళ్లది ఇవ్వండి, ఇచ్చిన సంగతి వాళ్లకూ చెప్పండి.