తోట షెడ్డుకు సోలార్ పెట్టే ముందు
కరెంటు లైను లేని చోట సోలార్ పెట్టుకునేవాళ్లు వాట్లు (ఒక్కసారిగా లాగే కరెంటు) వేరు, వాట్-అవర్లు (వాట్లను వాడిన గంటలతో గుణిస్తే వచ్చే మొత్తం వాడకం) వేరుగా లెక్కేసుకోండి. 750 వాట్ల మిక్సీ ఐదు నిమిషాలు తిరిగితే ఖర్చయ్యే కరెంటు 60 వాట్-అవర్ల పైచిలుకే. అదే 75 వాట్ల పాత సీలింగ్ ఫ్యాన్ రాత్రి పది గంటలు తిరిగితే 750! అందుకే మిక్సీని చూసి ఇన్వర్టర్ (స్టార్టింగ్‌లో ఇంకా ఎక్కువ లాగుతుంది), ఫ్యాన్‌ను చూసి బ్యాటరీ కొనాలి. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్, వోల్టులతో గుణిస్తే వాట్-అవర్లు) బ్యాటరీ కాగితం మీద 1800 వాట్-అవర్లు. లెడ్ యాసిడ్‌ది రోజూ సగానికి మించి వాడితే తొందరగా పోతుంది కాబట్టి 900 అనే అనుకోండి. ఆ ఒక్క ఫ్యానే దాదాపు ఊడ్చేస్తుంది. షాపువాళ్లు రెండో బ్యాటరీ కొనమంటారు గానీ, ముందు 30 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో తిరిగే బ్రష్‌లెస్ మోటారు) ఫ్యాన్ వేసి చూడండి, రాత్రంతా తిరిగినా 300తో సరిపోతుంది.