ఊరంతా కాపలా – 4వ పాఠం: కారణం గడిని మళ్ళీ నింపుదాం

ఈ వారం, పిల్లలను ప్రమాదాల నుంచి కాపాడే మూతలు, కంచెలు, గొళ్ళేల పాఠం చెప్పాల్సింది. దాన్ని వచ్చే వారానికి జరిపాను. మూడో పాఠం తర్వాత మీరు పంపిన నోట్‌బుక్ పేజీలన్నీ చదివాను. ఆ పేజీలు పట్టుకుని ఏ మూత ఎక్కడ పెట్టాలో తేల్చడం ఎవరి వల్లా కాదు.

ఆ మూడో పాఠంలో, మీ ఊళ్ళో వీధి వీధీ తిరిగి, గత రెండేళ్ళలో పిల్లలకు జరిగిన ప్రమాదాలను నాలుగు గళ్ళలో రాయమన్నాను: ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు, కారణం. మొదటి మూడు గళ్ళూ చక్కగా నింపారు. నాలుగో గడి దగ్గరికొచ్చేసరికి దాదాపు అందరిదీ ఒకటే పాట. "తల్లి చూసుకోలేదు." "పిల్లాడు అల్లరోడు." "ఇంట్లోవాళ్ళ నిర్లక్ష్యం." ఒకరైతే "ఖర్మ" అని రాసి కింద గీత కూడా గీశారు.

అలా రాస్తే ముందు జరిగే నష్టం ఏమిటో మీ ఉత్తరాల్లోనే ఉంది. రెండోసారి వెళ్తే ఆ ఇంటివాళ్ళు ముఖం తిప్పేసుకున్నారనీ, పక్కింటివాళ్ళు కూడా "మా ఇంట్లో ఏమీ జరగలేదు" అన్నారనీ రాశారు. అనరా మరి? బిడ్డను పోగొట్టుకున్న తల్లి పేరు పక్కన తప్పు రాసుకుపోయారని వీధంతా తెలిశాక, ఇంకెవరు నోరు విప్పుతారు?

రెండో నష్టం ఇంకా పెద్దది. "నిర్లక్ష్యం" అని రాసిన చోట చేయడానికి పని మిగలదు. మహా అయితే మీటింగు పెట్టి "అమ్మా, జాగ్రత్తగా ఉండండి" అంటారు. ఆ తల్లికి ఆ మాట ముందే తెలుసు. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే, చంకలో చిన్నది ఏడుస్తుంటే, కుళాయి నీళ్ళు వచ్చే గంట దాటిపోతుంటే, ఏడాదిన్నర పిల్ల మీద క్షణం కూడా చూపు తిప్పకుండా ఉండగలిగిన మనిషి లేరు. నేనూ ఉండలేను, మీరూ ఉండలేరు. పైగా నీళ్ళలో పడిన పసిపిల్ల అరవదు, పెద్దగా కొట్టుకోదు. పక్క గదిలో ఉన్నవాళ్ళకు చప్పుడే వినపడదు.

బంగ్లాదేశ్‌లో పల్లె పల్లె తిరిగి లెక్కలు తీసినవాళ్ళు తల్లిని తప్పుపట్టి ఊరుకోలేదు, వేళ చూశారు. చిన్నపిల్లలు కుంటల్లో మునిగిపోయేది ఎక్కువగా పొద్దున తొమ్మిదికీ మధ్యాహ్నం ఒంటిగంటకీ మధ్య అని తేలింది. తల్లులు ఇంటిపనిలో ఊపిరాడకుండా ఉండే వేళ అది. అందుకే సరిగ్గా ఆ నాలుగు గంటల పాటు నడిచేలా ఊళ్ళలో 'ఆంచల్' అనే పిల్లల కేంద్రాలు పెట్టారు. ఒకటి నుంచి ఐదేళ్ళలోపు పిల్లలను ఊరి మహిళే ఒక గదిలో కూర్చోబెట్టుకుని చూసుకుంటుంది. ఆ కేంద్రాలకు వచ్చే పిల్లల్లో నీటి మరణాలు బాగా తగ్గిపోయాయి. నీటి మరణాలు తగ్గించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న పద్ధతుల్లో ఇదొకటి. 2021లో ప్రపంచమంతటా సుమారు 3,00,000 మంది నీళ్ళలో మునిగి చనిపోయారని, వాళ్ళలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్ళలోపు పిల్లలేనని ఆ సంస్థ అంచనా. ఇంతమంది తల్లులు ఒకేలా నిర్లక్ష్యంగా ఉన్నారనుకోవడం అన్యాయం.

కాబట్టి ఈ పాఠానికి ఒకే నియమం. కారణం గడిలో రాసినదాన్ని చేత్తో తాకగలగాలి, లేదా గడియారంలో చూపించగలగాలి. "మూత లేని సంపు"ను తాకగలం. "పది నుంచి ఒంటిగంట దాకా ఇంట్లో పెద్దవాళ్ళు లేరు" అన్నదాన్ని గడియారంలో చూపించగలం. నిర్లక్ష్యాన్ని రెండు రకాలుగానూ చూపించలేం.

మీ పేజీల్లోంచే ఒకటి తీసుకుందాం. "ఏడాదిన్నర పాప, ఇంటి వెనక కుడితి గోలెం, ఉదయం, తల్లి చూసుకోలేదు." ఇప్పుడు ఆ గోలెం దగ్గరికి వెళ్ళి నిలబడండి. అంచు ఎంత ఎత్తులో ఉంది? ఆ వయసు పిల్లకు ఒంటితో పోలిస్తే తల బరువు ఎక్కువ. అంచు ఛాతీ కంటే కిందికి ఉంటే, తొంగిచూడగానే తల ముందుకు పడుతుంది, కాళ్ళు గాల్లోకి లేస్తాయి, మళ్ళీ పైకి రావడానికి చేతుల్లో బలం చాలదు. నీళ్ళు జానెడున్నా చాలు. గోలెం పక్కన బట్టలుతికే బండ ఉందా? ఉంటే ఎత్తున్న గోలెం కూడా పొట్టిదైపోతుంది. నీళ్ళు ఎప్పుడు నింపుతారు? రాత్రే నింపి ఉంచితే తెల్లారి గేదె తాగేదాకా అది నిండుగానే ఉంటుంది. వంటింటి నుంచి పెరట్లోకి తలుపుందా, దానికి గొళ్ళెం ఏ ఎత్తులో ఉంది?

ఇప్పుడు గడి ఇలా మారుతుంది: "పాప ఛాతీ కంటే కింద అంచున్న గోలెం, పక్కనే బండ, రాత్రి నింపుతారు, పెరటి తలుపుకు గొళ్ళెం లేదు." నాలుగు మాటల్లో నాలుగు పనులు దొరికాయి. బండ జరపాలి, వెదురు తడికతో మూత అల్లాలి, నీళ్ళు పొద్దున్నే పోయాలి, తలుపుకు పెద్దవాళ్ళ భుజం ఎత్తున గొళ్ళెం పెట్టాలి. నన్నడిగితే మొదట గొళ్ళెమే. ఒక్క గొళ్ళెంతో పెరట్లోని గోలెం, సంపు, బావి మూడూ పిల్లకు దూరమవుతాయి.

మిగతావి క్లుప్తంగా చూడండి. "గంజి మీద పడింది, అల్లరి" అన్నది "నేల మీద పొయ్యి, గంజి వార్చే చోటే పిల్లలు ఆడుకునే దారి" అవుతుంది. "పురుగుమందు తాగాడు, ఇంట్లోవాళ్ళ నిర్లక్ష్యం" అన్నది "మిగిలిన మందు కూల్‌డ్రింక్ సీసాలో పోసి కిటికీలో పెట్టారు". "ట్రాక్టరు వెనక్కి వస్తుంటే తగిలింది, ఖర్మ" అన్నది "కళ్ళమూ ఆటస్థలమూ ఒకటే, వెనక నిలబడి చూసే మనిషి లేడు".

చేలల్లో తవ్విన నీటి కుంటల గురించి చాలామంది "లోతు ఎక్కువ" అని రాశారు. లోతు కంటే ముందు రాయాల్సింది అడుగున పరిచిన ప్లాస్టిక్ షీటు. తడిసిన షీటు మీద కాలు నిలవదు. ఈత వచ్చిన కుర్రాడు కూడా గట్టుకు చేరి, పైకి పాకలేక జారిపోతాడు. రక్షించడానికి దిగిన పెద్దవాళ్ళదీ అదే గతి. అలాంటి కుంటకు నాలుగు పక్కలా ముడులు వేసిన మోకులు గట్టు మీది గుంజలకు కట్టి నీళ్ళలోకి వదలండి. కంచె నాలుగడుగుల ఎత్తు, సందులు నాలుగంగుళాలకు మించకూడదు, అడ్డకర్రలు మెట్లలా ఎక్కడానికి వీల్లేకుండా ఉండాలి. హెచ్చరిక బోర్డుకు పెట్టే డబ్బులు మోకులకు పెట్టమంటాను. మూడేళ్ళ పిల్లకు చదువు రాదు.

పాడుబడిన బోరుబావులకు కొత్తగా ఆలోచించాల్సిన పని లేదు. ఏం చేయాలో 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది: వదిలేసిన బోరును మట్టి, ఇసుక, రాళ్ళతో అడుగు నుంచి నేలమట్టం దాకా పూడ్చాలి, వాడుకలో ఉన్నదానికి కేసింగ్ చుట్టూ సిమెంటు గట్టు, పైన వెల్డింగ్ చేసిన లేదా బోల్టులు బిగించిన మూత ఉండాలి. గోనెసంచి కప్పి రాయి పెట్టడం పూడ్చినట్టు కాదు. మీ పేజీల్లో అలాంటివి కనిపించాయి. అవి ఈ వారమే పూడ్చండి, అయిదో పాఠం దాకా ఆగొద్దు.

ఇక ఇంటికి వెళ్ళి అడిగే తీరు. "ఎందుకు పడింది?" అని అడిగితే సమాధానం ఎప్పుడూ ఎవరో ఒకరి తప్పుగానే వస్తుంది. "అక్కా, పాప ఎటునుంచి నడిచొచ్చింది? అప్పుడు గోలెంలో నీళ్ళెంత ఉన్నాయి?" అని అడగండి. బిడ్డ పోయిన ఇంటికి నోట్‌బుక్ పట్టుకుని వెళ్ళకండి. ఆశా కార్యకర్తతోనో అంగన్‌వాడీ టీచరుతోనో వెళ్ళి కూర్చుని రండి, రాసుకునేది బయటికొచ్చాక. నా మటుకు నేను గండం తప్పిన సంగతులతోనే మొదలుపెడతాను. "మొన్న సంపులో పడబోతే వాళ్ళ నాయనమ్మ జుట్టు పట్టి లాగింది" లాంటివి జనం చెప్పడానికి వెనకాడరు. ప్రమాదానికి ఏ కారణాలుంటాయో దీనికీ అవే ఉంటాయి.

ప్రథమ చికిత్స ఆరో పాఠంలో వస్తుంది. ఒక్క మాట మాత్రం అప్పటిదాకా ఆపలేను. నీళ్ళలోంచి తీసిన బిడ్డను తల మీద పెట్టుకుని గిరగిరా తిప్పడం, తలకిందులుగా పట్టుకోవడం, పొట్ట నొక్కడం వద్దు. ఊపిరి లేకపోతే నోట్లోకి గాలి ఊదడం, ఛాతీ నొక్కడం వెంటనే మొదలుపెట్టాలి. పక్కవాళ్ళు 108కి చేయాలి.

ఈసారి అభ్యాసం కష్టమైనదే. మీ వీధిలో ఏడాదిన్నర పిల్ల ఛాతీ ఎత్తుకు ఒక కర్ర కోసుకోండి. ఆ వీధిలో ఒక్క ఇల్లూ వదలకుండా నీళ్ళుండే ప్రతి గోలెం, తొట్టి, బకెట్, సంపు పక్కన ఆ కర్ర నిలబెట్టి, అంచు కర్రకు పైనో కిందో రాయండి. తర్వాత ఒకటి నుంచి నాలుగేళ్ళ మధ్య పిల్లల జాబితా రాసి, తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ప్రతి గంటకూ ఎవరి దగ్గర ఉన్నారో నింపండి. మూడు రోజులు నింపాలి, అందులో ఒకటి నాట్లో కలుపులో జోరుగా సాగే రోజు కావాలి. అంగన్‌వాడీ బడికి వెళ్ళేది మూడేళ్ళు నిండినవాళ్ళు, అందుకని ఖాళీ గళ్ళు ఎక్కువగా వచ్చేది ఒకటి, రెండేళ్ళ పిల్లలకే. ఆ ఖాళీ గళ్ళ పక్కన, ఆ వేళలో వీధిలోనే ఉండే పెద్దవాళ్ళ పేర్లు రాయండి. పాత పేజీలోని నాలుగో గడిని కొట్టేసి కొత్తగా నింపి, రెండూ కలిపి పంపండి.