మెమరీ కార్డ్ హోస్ట్ డ్రైవర్ ప్యాచ్ రివ్యూ: ముందు ఎర్రర్ దారులు చూడండి

లినక్స్ కెర్నల్‌లో మెమరీ కార్డ్ కంట్రోలర్ల డ్రైవర్ కోడ్‌ను పైనుంచి కిందికి వరసగా చదవకండి. రాసినవాళ్లు కార్డ్ పెట్టి, ఫైళ్లు కాపీ చేసి చూసుకునే ఉంటారు. అంతా సవ్యంగా ఉన్నప్పుడు నడిచే దారి చాలావరకు బాగానే ఉంటుంది. పట్టి చూడాల్సింది అది తప్పినప్పుడు నడిచే దారిని. మెమరీ కార్డులను చూసుకునే కెర్నల్ భాగమైన ఎంఎంసీ కోర్‌కు హార్డ్‌వేర్ కనబడదు. కమాండ్ ఏమైంది, ఎన్ని బైట్లు వెళ్లాయి, క్లాక్ ఎంతలో నడుస్తోంది, ఇవన్నీ కంట్రోలర్‌ను నడిపే హోస్ట్ డ్రైవర్ చెప్తేనే దానికి తెలుస్తాయి. అందుకే ప్రతి ఫంక్షన్ దగ్గర ఒకటే అడగండి: ఈ డ్రైవర్ కోర్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్తోందా?

హార్డ్‌వేర్ పిలిచినప్పుడు నడిచే ఇంటరప్ట్ హ్యాండ్లర్‌తో మొదలుపెట్టండి. స్టేటస్ రిజిస్టర్‌లోని ఒక్కో ఎర్రర్ బిట్ ఏ కోడ్‌గా మారుతోందో చూడండి. కార్డ్ జవాబివ్వకపోతే మైనస్ ఈటైమ్‌డౌట్, డేటా చెడిందా అని చూసే సీఆర్సీ లెక్క తప్పితే మైనస్ ఈఐఎల్‌సెక్ రావాలి. రెంటికీ కలిపి సాధారణ ఎర్రర్ కోడ్ మైనస్ ఈఐఓ పెట్టేసిన కోడ్ తరచూ కనిపిస్తుంది. చూడ్డానికి చిన్న విషయమే. కానీ రిక్వెస్ట్ ముగిసిందని కోర్‌కు చెప్పే ఎంఎంసీ_రిక్వెస్ట్_డన్ ఫంక్షన్ ఈఐఎల్‌సెక్‌ను చూసినప్పుడే 'మళ్లీ ట్యూనింగ్ కావాలి' అని గుర్తు పెట్టుకుంటుంది. ట్యూనింగ్ అంటే డేటాను ఏ క్షణంలో చదవాలో సరిచూసుకోవడం. హన్మకొండలో ఏసీ గదిలో ఆన్ చేసి ట్యూన్ అయిన బోర్డును వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో రేకుల షెడ్డు కింద నడుపుతున్నారనుకోండి. మే నెలలో మన దగ్గర ఎండ 44 డిగ్రీలు దాటడం కొత్త కాదు, మూసిన డబ్బా లోపల ఇంకా ఎక్కువ. వేడికి డేటా శాంపిల్ చేసే సరైన క్షణం పక్కకు జరుగుతుంది, సీఆర్సీ ఎర్రర్లు మొదలవుతాయి. ఈఐఎల్‌సెక్ వస్తే కోర్ మళ్లీ ట్యూన్ చేసి సర్దుకుంటుంది. ఈఐఓ వస్తే ఆ సంగతే దానికి తెలియదు, కార్డే పాడైందని జనం కొత్తది కొంటారు.

అదే హ్యాండ్లర్‌లో బైట్ల లెక్క కూడా చూడండి. ఎర్రర్ వచ్చినా, వెళ్లిన బైట్ల సంఖ్య రాసే బైట్స్_ఎక్స్‌ఫర్డ్‌లో మొత్తం సైజు వేస్తే అది అబద్ధపు లెక్క. ఎన్ని బ్లాకులు క్షేమంగా వెళ్లాయో కంట్రోలర్ ఖచ్చితంగా చెప్పలేకపోతే సున్నా వేయడమే మేలు.

ఎంఎంసీ_రిక్వెస్ట్_డన్ పిలిచాక ఆ రిక్వెస్ట్ మనది కాదు. డ్రైవర్ దాచుకున్న పాయింటర్‌ను పిలవడానికి ముందే నల్ చేయాలి, ఎందుకంటే ఆ పిలుపులోనుంచే తర్వాతి రిక్వెస్ట్ రావచ్చు. రిక్వెస్ట్ ఫంక్షన్ తీసుకునే స్పిన్‌లాక్‌నే (ఒకరు వదిలేదాకా మరొకరు ఆగాల్సిన తాళం) పట్టుకుని పిలిస్తే డెడ్‌లాక్, అంటే అంతా అక్కడే ఆగిపోతుంది. టైమౌట్ వర్క్, ఇంటరప్ట్ ఒకేసారి వచ్చి ఒకే రిక్వెస్ట్‌ను రెండుసార్లు ముగిస్తున్నాయేమో కూడా జర చూడండి. పాయింటర్‌ను లాక్‌లోనే తీసి, అక్కడే నల్ చేస్తే ఆ చిక్కు పోతుంది.

క్లాక్ లెక్కను కాగితం మీద వేసి చూడాలి. మూల క్లాక్ 100 మెగాహెర్ట్జ్, కోర్ అడిగింది 52. శేషం వదిలేసే మామూలు భాగహారం చేస్తే 1 వస్తుంది, కార్డ్‌కు నేరుగా 100 మెగాహెర్ట్జ్ పోతుంది. పై అంకెకు సవరించే డివ్_రౌండ్_అప్ వాడితే 2 వస్తుంది, 50 మెగాహెర్ట్జ్‌లో నడుస్తుంది. అడిగినదానికంటే తగ్గవచ్చు, పెరగకూడదు. కార్డ్‌ను గుర్తుపట్టే దశలో 400 కిలోహెర్ట్జ్ దాటకూడదు కాబట్టి భాజకం రాసే డివైడర్ ఫీల్డ్‌లో అంత పెద్ద సంఖ్య పడుతుందా అన్నది కూడా చూడండి. పైన చెప్పిన క్లాక్‌కు 250 కావాలి, రెట్టింపుల్లోనే విభజించే హార్డ్‌వేర్ అయితే 256. వచ్చిన అసలు విలువను యాక్చువల్_క్లాక్‌లో రాయాలి.

ట్యూనింగ్ కోడ్‌లో కిటికీని, అంటే వరసగా పాసైన ఫేజ్‌ల (శాంపిల్ చేసే క్షణాల) గుంపును వెతికే లూప్ దగ్గర ఆగండి. 16 ఫేజ్‌లు పూర్తి చక్రాన్ని కవర్ చేసే కంట్రోలర్‌లో 13, 14, 15, 0, 1, 2 పాసయ్యాయనుకోండి. 15 పక్కనే 0 ఉందని కోడ్‌కు తెలియకపోతే ఆరింటి కిటికీని రెండు మూడింటి కిటికీలుగా చూసి 14నో 1నో ఎంచుకుంటుంది. మధ్యలో ఉండాల్సింది అంచు వైపు జరిగింది. బల్ల మీద టెస్ట్ పాసవుతుంది, ఎండలో ఫెయిలవుతుంది.

ప్రాసెసర్ ప్రమేయం లేకుండా మెమరీకి నేరుగా డేటా పంపే డీఎంఏలో రెండు తప్పులు పదేపదే వస్తాయి. డీఎంఏ_మ్యాప్_ఎస్జీ ఫెయిలైతే సున్నా ఇస్తుంది. మైనస్ కోసం చూసే చెక్ ఎప్పటికీ పట్టుకోదు. రెండోది ఎంట్రీల లెక్క. 8 మెమరీ ముక్కల ఎంట్రీలు ఇస్తే, పరికరాలకు చిరునామాలు మార్చి ఇచ్చే ఐఓఎంఎంయూ వాటిని కలిపి 3 చేయవచ్చు. కంట్రోలర్‌కు ఇచ్చే డిస్క్రిప్టర్లు 3కే రాయాలి, అన్‌మ్యాప్ మాత్రం మొదటి 8తోనే చేయాలి.

డ్రైవర్ మొదలయ్యే ప్రోబ్ ఫంక్షన్‌లో, హోస్ట్‌ను కోర్‌కు చేర్చే ఎంఎంసీ_యాడ్_హోస్ట్ రిటర్న్ విలువను చూడని డ్రైవర్లు చాలా ఉండేవి. 2022 చివర్లో వాటిని సరిదిద్దే ప్యాచ్‌లు వరసగా వచ్చాయి. పాత డ్రైవర్‌ను చూసి కొత్తది రాసినవాళ్లు ఆ తప్పునూ తెచ్చుకుంటారు. వోల్టేజ్ ఇచ్చే రెగ్యులేటర్ నుంచి వచ్చిన ఈప్రోబ్_డిఫర్‌ను ('ఇంకా సిద్ధంగా లేదు, తర్వాత మళ్లీ ప్రయత్నించు' అనే కోడ్) మింగకుండా పైకి పంపాలి. డ్రైవర్‌ను తీసేసే రిమూవ్‌ ఫంక్షన్‌లో మొదట ఎంఎంసీ_రిమూవ్_హోస్ట్, తర్వాత ఇంటరప్ట్, టైమర్, వర్క్ ఆపడం, ఆఖరుకు మెమరీ. ఇంటరప్ట్‌ను కెర్నలే తర్వాత విడుదల చేసే డెవ్ఎం రకంతో తీసుకుని హోస్ట్‌ను చేత్తో ఫ్రీ చేస్తే, రిమూవ్ ముగిశాక కూడా హ్యాండ్లర్ బతికే ఉంటుంది, పోయిన మెమరీని తాకుతుంది. ఇది యాదిలో ఉంచుకోండి, చదువుతుంటే కంటికి ఆనదు.

కోడ్ చదివాక రాసినవాళ్లను పరీక్షల ఫలితం అడగండి. డీఎంఏ, మెమరీ, లాక్ తప్పులను పట్టే డీఎంఏ ఏపీఐ డీబగ్, కాసాన్, ప్రూవ్ లాకింగ్ ఆన్ చేసిన కెర్నల్‌లో ఎంఎంసీ_టెస్ట్ నడపాలి. కెర్నల్ లోపలి వివరాలు చూపే డీబగ్‌ఎఫ్ఎస్‌లోని ఐఓఎస్ ఫైల్లో క్లాక్, బస్ వెడల్పు, సిగ్నల్ వోల్టేజ్ అనుకున్నట్టే ఉన్నాయా చూడాలి. ఫెయిల్ ఎంఎంసీ రిక్వెస్ట్ ఆప్షన్‌తో కావాలని తప్పులు పుట్టించాలి. పెద్ద ఫైల్ చదువుతుండగా డ్రైవర్‌ను అన్‌బైండ్ చేసి మళ్లీ బైండ్ చేయాలి, నడుస్తుండగానే కార్డ్ పీకాలి. చివరగా బోర్డును చల్లగా ఆన్ చేసి, డబ్బా మూసి, వేడెక్కేదాకా గంటల తరబడి చదివించాలి. సీఆర్సీ ఎర్రర్ వచ్చిన వెంటనే లాగ్‌లో మళ్లీ ట్యూనింగ్ జరిగినట్టు కనబడకపోతే, తిరిగి ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లోని ఎర్రర్ కోడ్ల దగ్గరికే వెళ్లండి.